దూది కుడివైపు

సౌగంధిక రెసిడెన్సీలోకి కుక్కల క్షవరం బండి రాకూడదని వేసవికి ముందే తీర్మానం అయింది. బండి యజమాని దాని మీద ఒక కుక్కపిల్ల బొమ్మ, తన ఫోన్ నంబరు వేయించుకున్నాడు. నంబరు ఉంటే అది ప్రకటన, ప్రకటన ఉంటే వ్యాపారం, వ్యాపార వాహనాలకు గేటు లోపల ప్రవేశం లేదు అని సంఘం కార్యదర్శి సోమశేఖరం వివరించారు. పాల వ్యాను మీద కూడా నంబరుంది కదా అని ఎవరో అడిగారు. పాలు నిత్యావసరం అని ఆయన చెప్పారు.

సోమశేఖరం డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయనకు ఉత్తర్వులు ఇచ్చే పని లేకుండా పోయింది. అపార్టుమెంటు సంఘం ఎన్నికలు వచ్చాక ఆ లోటు తీరింది. అధ్యక్షుడు త్రివిక్రమరావు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజినీరుగా చేశారు. ఆయన ఏ విషయాన్నయినా కొలిచిన తర్వాతే నమ్ముతారు.

తీర్మానం వల్ల నష్టపోయింది మూడో అంతస్తులో ఉండే దూది. అది ల్హాసా జాతి కుక్క. నడుస్తుంటే దాని కాళ్లు కనిపించవు, వెంట్రుకలే నేల మీద జరుగుతున్నట్టు ఉంటుంది. బెజవాడలో మే నెల మొదలయ్యేసరికి దూది తిండి తగ్గించి, స్నానాల గది గుమ్మం దగ్గర పడుకుని, నాలుక బయటపెట్టి రొప్పడం మొదలుపెట్టింది. ఎండలు ముదిరేలోపు వెంట్రుకలు తీయించమని డాక్టరు చెప్పాడు. బండి రాదు. దుకాణానికి తీసుకెళ్దామంటే ఆటో ఎక్కగానే దూదికి వాంతులు.

దూది యజమాని ఉమాకాంతం జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. కాలేజీకి సెలవులు. వెంట్రుకలు ఇంట్లో తనే తీసేద్దామని క్లిప్పరు తెప్పించాడు. వీడియోలు చూశాడు. చూసినవాటిలోంచి ముఖ్యమైనవి భార్య భ్రమరాంబకు వివరించాడు.

"మీరు కొబ్బరికాయకు పీచు తీస్తేనే పగిలి నీళ్లు నేలపాలవుతాయి. కుక్క జోలికెందుకండీ?" అంది భ్రమరాంబ.

"ఇది మెషీను. చేత్తో పనేం లేదు."

"మెషీను పట్టుకునేది మీ చెయ్యేగా."

అయినా ఆమే పళ్లెంలో పెరుగన్నం కలిపి తెచ్చి దూది మూతి ముందు పెట్టి కూర్చుంది. ఉమాకాంతం ముందు రోజే దూదికి స్నానం చేయించి, ఆరబెట్టి, చెవుల వెనక కట్టిన ఉండలన్నీ దువ్వి విడదీశాడు. బాల్కనీలో దినపత్రిక పరిచాడు. బ్లేడు వేడెక్కిందో లేదో మాటిమాటికీ తన మణికట్టు మీద పెట్టి చూసుకుంటూ, మెడ దగ్గర మొదలుపెట్టి వెన్ను దాకా, వెన్ను నుంచి పొట్ట దాకా, ఎడమవైపంతా తీశాడు. లోపల ఇంత చిన్న కుక్క ఉందా అని ఇద్దరూ ఆశ్చర్యపోయారు. దూదిని తిప్పి, కుడివైపు మొదలుపెట్టబోయాడు.

గాలి లేచింది. కరెంటు పోయింది.

క్లిప్పరు ప్లగ్గుకు పెట్టి వాడేది. బ్యాటరీ వాటికంటే వైరున్నవే గట్టిగా పనిచేస్తాయని ఉమాకాంతం చదివాడు. సౌగంధికలో జనరేటరు ఉంది గాని, అది లిఫ్టుకూ వరండా దీపాలకూ మాత్రమే. ఇళ్లలో ప్లగ్గులకు రాదు. అతను ఈ విషయం ఆలోచిస్తుండగా గాలి దినపత్రికను లేపి, దాని మీదున్నదంతా రెయిలింగు దాటించింది.

కింది బాల్కనీలో హైమవతి గారు పాత పంచె మీద బూడిదగుమ్మడి వడియాలు పెట్టి ఉన్నారు. కాసేపటికి ఆవిడ మెట్లెక్కి పైకొచ్చారు.

"అమ్మాయ్, మీ కుక్క నా వడియాల మీదికొచ్చింది."

"దూది ఇక్కడే ఉంది పిన్నిగారూ."

"సగమే ఇక్కడుంది, చూస్తున్నాగా. మిగతా సగం నా పంచె మీదుంది."

హైమవతి గారికి కోపం లేదు. తడి వడియాలకు అతుక్కున్న వెంట్రుకలు ఒక్కొక్కటీ ఏరడం కుదరదు కాబట్టి ఆ వాయి పోయినట్టేనని చెప్పి, దూది ఎడమవైపు నిమిరి, తిరిగి వెళ్లారు. వెళ్తూ లిఫ్టు ఎక్కారు. లిఫ్టులో సోమశేఖరం ఉన్నారు. వడియాల సంగతి ఆయనకూ చెప్పారు.

"దీన్ని మౌఖిక ఫిర్యాదుగా స్వీకరించమంటారా?" అని అడిగారు ఆయన.

"స్వీకరించడానికేముందండీ? వడియాలు పోయాయంటున్నా, అంతే."

"స్వీకరించాను" అన్నారు సోమశేఖరం.

సాయంత్రం కరెంటు వచ్చింది. ఉమాకాంతం క్లిప్పరు చేతిలోకి తీసుకునే సమయానికి తలుపు చప్పుడైంది.

"ఆపండి మాస్టారూ" అన్నారు సోమశేఖరం, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి. "ఇంట్లో కుక్క వెంట్రుకలు తీయవచ్చునా లేదా అన్న విషయం సంఘం పరిశీలనలోకి వచ్చింది."

"ఇంకెంతండీ, కుడివైపేగా. పావుగంటలో అయిపోతుంది. తలుపులు మూసే చేస్తా."

"సమస్య అదే. ప్రశ్న పెండింగులో ఉండగా మీరు కుడివైపు కూడా తీసేస్తే ఇక ప్రశ్న మిగలదు."

"మంచిదే కదండీ."

"ప్రశ్నే లేకపోతే కమిటీ ఏం పరిశీలిస్తుంది?" అన్నారు సోమశేఖరం. ఆ తర్వాత ఆయన గొంతు కొంచెం మారింది. ఉత్తర్వు ఇచ్చేటప్పుడు ఆయన గొంతు అలాగే మారుతుంది. "తదుపరి ఆదేశాలు వెలువడే వరకు సదరు కుక్క విషయంలో యథాతథ స్థితి కొనసాగించవలసినది. అంటే, ఉన్నది ఉన్నట్టు ఉండాలి."

"ఉన్నది సగమే కదండీ" అంది భ్రమరాంబ.

"ఆ సగం అలాగే ఉండాలమ్మా."

మర్నాడు త్రివిక్రమరావు స్టీలు స్కేలుతో వచ్చారు. చెరువు పూడిక తీసేటప్పుడు ముందుగా లెవెల్స్ తీసుకోకపోతే తర్వాత ఎవరెంత తవ్విందీ తేలదని, ఇదీ అలాంటిదేనని చెప్పారు. ఎడమవైపు అర సెంటీమీటరు ఉంది. కుడివైపు జానెడుంది. దూది ఆయన స్కేలును నాకింది. ఆయన స్కేలు తుడుచుకుని మళ్లీ కొలిచారు.

దూదిని వాకింగుకు తీసుకెళ్లక తప్పదు. ఒకవైపు నుంచి చూస్తే బక్క కుక్క, ఇంకోవైపు నుంచి చూస్తే బొద్దు కుక్క. గేటు దగ్గర వాచ్‌మన్ నాగులు మొదటిరోజు ఉమాకాంతాన్ని ఆపాడు.

"సార్, వెళ్లేటప్పుడు ఒక కుక్కని తీస్కెళ్లారు. వచ్చేటప్పుడు ఇంకోదాన్ని తెచ్చారు. దీనికి పర్మిషనుందా?"

ఉమాకాంతం దూదిని వెనక్కి తిప్పి చూపించాడు. నాగులు గేటు తీశాడు.

దూది తన సంగతి తాను కొంత చూసుకుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఎడమవైపు నేలకు ఆనించి, చల్లటి టైల్స్ మీద పడుకునేది. కుడివైపు మాత్రం పైకి, దుప్పటి కప్పినట్టు ఉండేది. కాసేపటికి ఆ టైలు వేడెక్కేది. లేచి, పక్క టైలు మీద మళ్లీ ఎడమవైపే వాలేది. అలా హాలంతా తిరిగేది. తిండి మాత్రం పెరగలేదు.

ఉమాకాంతం డాక్టరుకు ఫోన్ చేశాడు.

"ఒకవైపు తీసి ఇంకోవైపు ఉంచమని నేను చెప్పలేదే" అన్నాడు డాక్టరు.

"మా అపార్టుమెంటు సంఘం చెప్పిందండీ."

"చూడండి, ముందు రోహిణి కార్తె ఉంది. దీనికి ముక్కు పొట్టి, వేడి తట్టుకోలేదు. వడదెబ్బ తగిలితే నా దగ్గరికి తెచ్చేలోపే పోతుంది. రెండోవైపు కూడా తీసేయండి."

ఉమాకాంతం ఆ మాటే సోమశేఖరానికి చెప్పాడు. డాక్టరు సలహాను సంఘం సానుకూలంగా పరిశీలిస్తుందని ఆయన హామీ ఇచ్చారు. రాత్రికి రాత్రి తలుపులేసుకుని తీసేద్దామని భ్రమరాంబ అంది. ఉల్లంఘన జరిగితే పెంపుడు జంతువుకు ఇచ్చిన అనుమతి రద్దవుతుందని నియమాల్లో ఉందని ఉమాకాంతం గుర్తు చేశాడు. అనుమతి రద్దయితే దూది సౌగంధికలో ఉండడానికి వీల్లేదు. ఇద్దరూ దూది వంక చూశారు. అది ఇంకో టైలుకు మారింది.

ఆ వారాంతంలో త్రివిక్రమరావు మళ్లీ కొలవడానికి వచ్చారు. ఎడమవైపు కొలిచి, కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఇంకోసారి కొలిచారు.

"ఉల్లంఘన జరిగింది" అన్నారు.

"నేను కత్తెర కూడా ముట్టుకోలేదండీ" అన్నాడు ఉమాకాంతం.

"కత్తిరించారని నేనటంలా. ఎడమవైపు పెరిగింది. మీరు పెంచారు."

"నేను పెంచలేదండీ. అదే పెరిగింది."

"పెరగనిచ్చారు. యథాతథ స్థితి అంటే తగ్గకూడదు, పెరగకూడదు. గట్టు ఎత్తు పెరిగితే కాంట్రాక్టరు అదే పెరిగింది సార్ అంటే ఊరుకుంటామా?"

అత్యవసర సమావేశం జరిగింది. మొదటి ఉల్లంఘన కాబట్టి దూది అనుమతి రద్దు చేయలేదు. ఎడమవైపును ఫిర్యాదు నాటి స్థితిలో ఉంచడానికి ప్రతి ఆదివారం అదనపు వెంట్రుకలను తొలగించాలని తీర్మానించారు. ఇంట్లో తొలగించవచ్చా అన్నది తేలలేదు కాబట్టి కింద కమ్యూనిటీ హాల్లో తొలగించాలి. యజమాని కక్షిదారు కాబట్టి అతను కుక్కను ముట్టుకోకూడదు, కార్యదర్శి స్వయంగా చేయాలి. పని మధ్యలో కరెంటు పోతే మళ్లీ ఇంకో చిక్కు వస్తుంది కాబట్టి హాల్లో ఒక ప్లగ్గుకు జనరేటరు కనెక్షను ఇవ్వాలి. ఇలా బల్ల వచ్చింది, ఫ్యాను వచ్చింది, పోని కరెంటు వచ్చింది. అన్నీ ఎడమవైపుకు.

"ఎటూ అన్నీ ఇక్కడే ఉన్నాయి కదండీ. ఇంకో పావుగంట కూర్చుంటే..." అన్నాడు ఉమాకాంతం మొదటి ఆదివారం.

"కుడివైపు విషయం పరిశీలనలో ఉంది మాస్టారూ" అన్నారు సోమశేఖరం. తేలును తోక దగ్గర పట్టుకున్నట్టు క్లిప్పరును రెండు వేళ్లతో పట్టుకుని ఉన్నారు. ఆయన చేతికంటే దూదే ఎక్కువ స్థిరంగా ఉంది.

అదే రోజు మొదటి అంతస్తు రమణమూర్తి సగం గడ్డంతో హాల్లోకి వచ్చారు. గీసుకుంటుండగా కరెంటు పోయిందని, మిగతాది ఇంట్లో గీసుకోవచ్చునో లేదో అడిగి వెళ్దామని వచ్చానని చెప్పారు. అది సారూప్య అంశం కాబట్టి కుక్క విషయంతో జతపరచడమైనదని త్రివిక్రమరావు ప్రకటించారు. రమణమూర్తి బజారుకెళ్లి మంగలి షాపులో గీయించుకున్నారు. సంఘం ఆయన్ని సంజాయిషీ అడిగింది.

హైమవతి గారు ఈ గొడవంతా విని దిగివచ్చారు.

"ఏదో మాటవరసకి అన్నానండీ. నా ఫిర్యాదు నేను తీసేసుకుంటున్నా. దానికి రెండోవైపు కూడా తీసేయండి పాపం."

"ఫిర్యాదు మీరు చేసేదాకే మీదమ్మా" అన్నారు సోమశేఖరం. "చేశాక అది సంఘం ఆస్తి. వెనక్కి ఇవ్వడానికి నాకు అధికారం లేదు."

"అయితే నా వడియాలు కూడా సంఘం ఆస్తేనా? వాటిని చూడ్డానికి ఒక్కరూ రాలేదే."

వడియాలు విచారణ పరిధిలోకి రావని త్రివిక్రమరావు చెప్పారు.

ఆదివారాలు గడిచాయి. ఉమాకాంతం ఒక మార్పు గమనించాడు. సోమశేఖరం క్లిప్పరును ఇప్పుడు అరచేతిలో పట్టుకుంటున్నారు. బ్లేడుకు నూనె చుక్క వేస్తున్నారు. పని మొదలుపెట్టే ముందు మణికట్టు మీద వేడి చూసుకుంటున్నారు. సొంతంగా ఒక దువ్వెన కొనుక్కున్నారు.

"దీనికి మెడ కింద వెంట్రుక అడ్డంగా మొలుస్తుంది, చూశారా మాస్టారూ? అక్కడ మెషీను కిందికి లాగకూడదు. పక్కకి లాగాలి" అన్నారొకసారి.

"వీడియోలో చెప్పారా?"

"నేనే కనిపెట్టా."

ఎడమవైపు తీయడానికి ఉన్నది ఎంతో కాదు. ఐదు నిమిషాల్లో అయిపోయేది. అయిపోయాక ఆయన క్లిప్పరు ఆపకుండా కాసేపు అలాగే పట్టుకుని నిలబడేవారు. చెయ్యి వెన్నెముక దాకా వెళ్లి ఆగేది. దానికి అవతల జానెడు పొడవున, ఇంకా ఎవరూ చెయ్యి పెట్టని కుడివైపు ఉంది. ఆయన నిట్టూర్చి స్విచ్చి ఆపేవారు.

ఈ విషయం తేల్చడానికి సంఘం వేసిన ఉపసంఘం నివేదిక వచ్చింది. ఇంట్లో కుక్క క్షవరానికి అనుమతి ఇవ్వవచ్చును. అయితే దరఖాస్తుదారుకు ఒక కుక్కను రెండువైపులా పూర్తిగా క్లిప్ చేసిన అనుభవం ఉండవలెను.

"కుడివైపు అనుభవం నాకు ఎక్కడి నుంచి వస్తుందండీ? తీయనివ్వట్లేదు కదా మీరు" అన్నాడు ఉమాకాంతం.

"అది అభ్యర్థి చూసుకోవలసిన విషయం" అన్నారు త్రివిక్రమరావు.

రోహిణి కార్తె వచ్చింది. ఆ ఆదివారం పొద్దున్నే వీధిలో మనుషులు లేరు. దూది రెండు రోజులుగా పెరుగన్నం కూడా ముట్టలేదు. లిఫ్టులోంచి హాలు దాకా నాలుగడుగులు వేసి, బల్ల దగ్గరికి కూడా పోకుండా, నేల మీద ఎడమవైపు వాలిపోయింది. పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి. భ్రమరాంబ దాని పక్కన కూలబడి మూతికి నీళ్లు అందించింది. దూది నాలుక నీళ్లలో పెట్టింది గాని తాగలేదు.

సోమశేఖరం క్లిప్పరుకు నూనె వేసి సిద్ధంగా ఉన్నారు.

"దాన్ని లేపి ఇటు తిప్పండి మాస్టారూ. ఎడమవైపు కిందికి పోయింది."

ఉమాకాంతం వంగబోయాడు. దూది బరువేమీ కాదు. ఒక్క చేత్తో ఎత్తి తిప్పేయగలడు. సగం వంగినవాడు ఆగి, నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను కక్షిదారునండీ. ముట్టుకోకూడదని తీర్మానం."

"త్రివిక్రమరావు గారూ, మీరు కొంచెం..."

"నా నడుం సంగతి మీకు తెలుసు" అన్నారు అధ్యక్షుడు.

సోమశేఖరం పంచె సర్దుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. దూది పొట్ట కింద చెయ్యి పెట్టి లేపారు. అది లేచినట్టే లేచి, తడిగుడ్డలా జారి, మళ్లీ ఎడమవైపే పడుకుంది. ఇంకోసారి లేపారు. ఇంకోసారి పడుకుంది. ఈసారి పట్టుకోసం ఆయన వేళ్లు కుడివైపు వెంట్రుకల లోపలికి వెళ్లాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నారు.

"ఏంటి మాస్టారూ, ఒళ్లు పెనంలా ఉంది?"

"రోజూ ఇంతేనండీ. ఇవాళ ఇంకొంచెం ఎక్కువ."

"చెప్పలేదేం?"

"చెప్పాను. మీరు పరిశీలనలో ఉందన్నారు."

దూది ఆయన వైపు ఒక కన్ను తెరిచి చూసి, మూసింది. హైమవతి గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"పరిశీలనలో ఉంది నిజమే" అన్నారు సోమశేఖరం చివరికి. "పరిశీలించాలంటే లోపల ఏముందో చూడాలి కదా."

క్లిప్పరు ఆన్ చేశారు. త్రివిక్రమరావు నోరు తెరిచారు. ఆయన మాట బయటికొచ్చేలోపు కుడిభుజం మీద ఒక చాలు పడింది. వెంట్రుకలు దుప్పటి మడత విప్పినట్టు పక్కకి వాలాయి. లోపల చర్మం కందిపోయి ఉంది. సోమశేఖరం మెడ కింద పక్కకి లాగారు, పొట్ట దగ్గర చర్మం వేళ్లతో సాగదీసి పట్టుకున్నారు, బ్లేడు మణికట్టు మీద పెట్టి చూసుకున్నారు. ఎక్కడా తడబడలేదు. నడుము దాకా వచ్చారు.

కరెంటు పోయింది. క్లిప్పరు ఆగింది. వెంటనే జనరేటరు అందుకుంది, క్లిప్పరు మళ్లీ మోగింది.

"ఆగండి" అన్నారు త్రివిక్రమరావు. "ఈ ప్లగ్గుకు జనరేటరు ఇచ్చింది ఎడమవైపు పనికి మాత్రమే. తీర్మానంలో స్పష్టంగా ఉంది. దీన్ని కుడివైపుకు మళ్లించడానికి వీల్లేదు."

సోమశేఖరం ఆ తీర్మానం తానే రాశారు. ప్లగ్గు తీసేశారు. ముక్కాలు వంతు పూర్తయిన కుక్క ముందు, ఆగిపోయిన మెషీను పట్టుకుని కూర్చున్నారు. త్రివిక్రమరావు జేబులోంచి స్టీలు స్కేలు తీసి, ప్రస్తుత స్థితికి కొత్తగా లెవెల్స్ తీసుకోవాలి అంటూ ముందుకొచ్చారు.

"సార్, స్కేలు లోపల పెట్టండి" అన్నారు సోమశేఖరం.

"అదేంటండీ, ఇప్పుడున్న స్థితి..."

"ఇంత చేసి ఇంత ఉంచితే చూడ్డానికి ఎలా ఉంటుందో మీకు తెలీదు." ఆయన భ్రమరాంబ వైపు తిరిగారు. "అమ్మా, ఇంట్లో కత్తెరుందా?"

భ్రమరాంబ లిఫ్టులో పైకెళ్లి కత్తెర తెచ్చింది. హైమవతి గారు విసనకర్ర తెచ్చారు. సోమశేఖరం నేల మీద బాసింపట్టు వేసుకుని, దూది తల ఒళ్లో పెట్టుకుని, వెనక కాలు దాకా కత్తెరతోనే కానిచ్చారు. చొక్కా తడిసిపోయింది. కత్తెరతో తీసిన చోట మెట్లు మెట్లుగా వచ్చింది. ఆయన తల పక్కకి వంచి చూసుకుని, అక్కడక్కడ సరిచేశారు.

"ఇంక చాల్లెండి, బాగానే ఉంది" అన్నాడు ఉమాకాంతం.

"తోక దగ్గర కొంచెం ఉంది మాస్టారూ. ఉండండి."

దూది కొంతసేపటికి లేచింది. ఒళ్లు దులుపుకుంది. గిన్నెలో నీళ్లు అడుగంటా తాగింది. తర్వాత చుట్టూ ఒకసారి తిరిగి, చల్లటి టైలు చూసుకుని, కుడివైపు నేలకు ఆనించి పడుకుంది.

ఆ సాయంత్రమే సంఘం సమావేశమైంది. సదరు కుక్క కుడివైపు వెంట్రుకలు ఎండ తీవ్రత వల్ల వాటంతట అవే తగ్గిన విషయాన్ని సంఘం గమనించడమైనది అని తీర్మానించారు. రెండువైపులా లెవెల్స్ సమానంగా ఉన్నట్టు త్రివిక్రమరావు ధ్రువీకరించారు. కత్తెర మెట్లు ఆయనకు కనిపించాయి గాని, స్కేలు బయటికి తీసేముందు కార్యదర్శి ముఖం చూసి సగటు లెక్క వేశారు.

మరుసటి ఆదివారం పొద్దున తలుపు చప్పుడైతే ఉమాకాంతం వెళ్లి తీశాడు. గుమ్మంలో సోమశేఖరం. చేతిలో కొత్త క్లిప్పరు డబ్బా. బ్యాటరీది.

"ఏమన్నా పెరిగిందేమో చూద్దామని" అన్నారు ఆయన, లోపలికి తొంగిచూస్తూ. దూది తోక ఊపింది.

"మరి ఇంట్లో చేయొచ్చంటారా, కూడదంటారా?" అని అడిగింది భ్రమరాంబ వంటింట్లోంచి.

"అది ఇంకా పరిశీలనలోనే ఉందమ్మా" అన్నారు సోమశేఖరం, చెప్పులు విడుస్తూ. "బాల్కనీ తలుపు ఒకసారి వేసేయండి. కింద మీ పిన్నిగారు వడియాలు పెట్టుంటారు."